అరంగుళం అక్క ఎడమ చెయ్యి

“అబద్ధం ఆడలేదు తమ్ముడూ. కుట్టు విప్పానంతే. ఎవరైనా అడిగుంటే చెప్పేదాన్ని. ఎవరూ అడగలేదు.”

“అడగడానికి కనబడితే కదక్కా!” అన్నాను.

“అదే మరి. కనబడకుండా కుట్టడమే నా పని. ముప్పై ఏళ్ళు ఊళ్ళోవాళ్ళ ఒంటి మీద చేసిన పని, నా ఒంటి మీద చేసుకోలేనా?”

నవ్వబోయింది కానీ ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. కుడిచేత్తో ఎడమ మోచేతిని పొదివి పట్టుకుని, కుట్టుమిషను కేసి చూస్తూ కూర్చుంది.

ఆవిడ కొట్టు ఒక మూడంతస్తుల మేడ మెట్ల కింద ఉంటుంది. లోపలికి వెళ్ళాలంటే ఎవరైనా తల వంచాల్సిందే. ఒక మిషను, ఒక ఇస్త్రీ బల్ల, ఒక ఎత్తుపీట, గోడకి మేకులు కొట్టి కట్టిన తాడు. తాడు మీద బట్టలు, ప్రతి బట్టకీ గుండుసూదితో గుచ్చిన చీటీ. పైన ఎవరైనా మెట్లు దిగితే నెత్తి మీద నడిచినట్టే వినిపిస్తుంది. కొత్త బట్టలు కుట్టదు. “కొత్తది ఎవరైనా కుడతారు. మనిషికి పొట్ట వచ్చాక, జబ్బు చేసి చిక్కాక, ఆ పాతదాంట్లోకి మళ్ళీ పట్టించడం ఉందే, అదీ పనంటే” అంటుంది. ఏం తీసుకెళ్ళినా ఒకసారి టేపు పెట్టి, “ఎంతో లేదు, అరంగుళం” అంటుంది. మూడంగుళాలు వదలాల్సి వచ్చినా అరంగుళమే. లావెక్కామని సిగ్గుపడుతూ వచ్చినవాళ్ళ మొహాలు ఆ మాటతో విచ్చుకుంటాయి. అందుకే వీధిలో అందరికీ అరంగుళం అక్క.

నేను ప్యాంటు పట్టుకుని వచ్చి అరగంట అయింది. ఆ ప్యాంటు ఇంకా నా ఒళ్ళోనే ఉంది. ఐదు నెలల కిందట ఆవిడ ఆస్పత్రికి వెళ్ళి వచ్చిన దగ్గర్నుంచీ ఏం జరిగిందక్కా అని అడుగుతూనే ఉన్నాను. నాకు చదువు పెద్దగా లేదు. తెలియనిది కనబడితే తెలిసినవాళ్ళ పక్కన కూర్చుని అడగడం ఒక్కటే తెలుసు. అడిగినప్పుడల్లా “ఏముంది, సూది పొడిచారు, పంపించారు” అని దాటేసేది. ఇవాళ అడక్కుండానే మొదలుపెట్టింది.

అక్కకి కిడ్నీలు పనిచెయ్యడం మానేసి ఆరేళ్ళు. వారానికి మూడుసార్లు, పూటకి నాలుగు గంటలు, డయాలిసిస్ మిషను పక్కన పడుకోవాలి. ఒంట్లో రక్తాన్ని ఒక సూదిలోంచి బయటికి లాగి, కడిగి, ఇంకో సూదిలోంచి లోపలికి పంపుతుంది ఆ మిషను. మామూలు నరం అంత ధాటికి తట్టుకోదు. అందుకని చేతిలో లోతుగా ఉండే రక్తనాళాన్ని పైన ఉండే నరంతో కలిపి కుట్టేస్తారు. కొన్ని వారాలకి ఆ నరం వేలంత లావు తేలుతుంది. దాన్ని ఫిస్టులా అంటారు. అక్కకి మొదట కుడిచేతికి చేశారు. రెండో ఏడే అది గడ్డకట్టిపోయింది. తర్వాత ఎడమ చేతికి, మోచేతి పైన చేశారు. ఈ రెండింటి మధ్యా, ముందూ, మెడలో గొట్టాలు పెట్టి నెలల తరబడి నెట్టుకొచ్చారు.

“ఇదిగో, ఇక్కడ వేలు పెట్టు,” అని తను వేసుకున్న పొడుగు చేతుల చొక్కా మీంచే చూపించింది. పెట్టాను. లోపల సన్నగా గుర్రుమంటోంది.

“మిషను తిరుగుతున్నట్టు లేదూ? పొద్దున లేవగానే మొదట దీని మీదే చెయ్యి వేస్తాను. తిరుగుతుంటే ఆ రోజుకి ఉన్నట్టు లెక్క. ఇది ఆగిందంటే తమ్ముడూ, నాకు ఇంకో చెయ్యి లేదు.”

ఆ మాట మామూలుగానే అంది. నాకే వేలు తియ్యాలనిపించి తీసేశాను.

వాపు ఎప్పుడు మొదలైందో ఆవిడకి రోజుతో సహా గుర్తుంది. మణికట్టు దగ్గర బొత్తాం పెట్టుకుంటే బిగిసింది. కుడివైపు బొత్తాం మామూలుగానే ఉంది. ఉతికితే గుడ్డ ముడుచుకుపోయిందనుకుని బొత్తాం ఇవతలికి జరిపింది. పది రోజులకి మళ్ళీ బిగిసింది. ఈసారి పక్క కుట్టు విప్పి పావంగుళం వదిలింది.

“అప్పుడైనా తెలియలేదా అక్కా?”

“ఎందుకు తెలీదు? చెయ్యి కొలిస్తే తెలీదూ? కొలవలేదు. రోజుకి పాతికమందిని కొలిచేదాన్ని, నా చేతికి మాత్రం టేపు చుట్టలేదు. చొక్కానే కొలిచాను.”

“చెప్పొచ్చుగా?”

“చెప్పడమా!” అని నా వైపు తిరిగింది. “మా పక్క మంచం మీద ఒక డ్రైవరన్నయ్య ఉండేవాడు. ఎప్పుడూ జోకులే. సిస్టర్‌ని ‘ఏమ్మా, ఆయిల్ మారుస్తున్నావా, ఫిల్టరే మారుస్తున్నావా’ అని ఏడిపించేవాడు. ఒకరోజు చెయ్యి వాచింది చూడమ్మా అన్నాడు. పై అంతస్తు డాక్టరు దగ్గరికి పంపించారు. మళ్ళీ వచ్చేసరికి చేతిలో ఫిస్టులా పనిచెయ్యకుండా ముడేసి కట్టేసి ఉంది, గొట్టం తొడలో ఉంది. జోకులు ఆగిపోయాయి. నెల తిరక్కుండా ఆ మంచం మీద దుప్పటి మార్చారు. ఎవరూ ఏం చెప్పలేదు, మేమూ అడగలేదు. అక్కడ అడగం తమ్ముడూ. దుప్పటి చూస్తాం, అంతే.”

అప్పుడే ఆవిడ బుర్రలో ఒక లెక్క పడిపోయింది. వాచిందని చెబితే ఫిస్టులా కట్టేస్తారు. చెప్పకపోతే నడుస్తుంది.

లోపల మడతలో ఎంత గుడ్డ ఉంటే అంతా వదిలేసింది. మడత అయిపోయాక చంక కింద అదే రంగు గుడ్డతో అతుకు వేసింది. ఒక్కో చొక్కాకీ, అలా ఆరు చొక్కాలకీ. “ఆ అతుకు నువ్వు భూతద్దం పెట్టి వెతికినా దొరకదు” అంది. అంతటి భయంలోనూ ఆ గొంతులో చిన్న గర్వం.

సూదులు గుచ్చే సిస్టర్లకైనా కనబడలేదా అంటే, దానికీ ఒక ఏర్పాటు ఉంది. ఏడాది కిందటే అక్క తన చొక్కాలకి ఎడమ చేతి పైభాగాన అరచెయ్యంత కిటికీ పెట్టి, దానికి బొత్తాలు కుట్టుకుంది. చలిలో చొక్కా విప్పక్కర్లేదు, బొత్తాలు తీసి సూది గుచ్చి, మళ్ళీ పెట్టేసుకోవచ్చు. సిస్టర్లు మెచ్చుకున్నారు. మిగతా రోగులు నాకూ నాకూ అన్నారు. పదకొండుమందికి కుట్టిచ్చింది. వాపు వచ్చాక ఆ కిటికీ లోంచి అరచెయ్యంత చర్మమే కనబడేది. కింద చెయ్యి ఎలా ఉందో, పైన భుజం మీద నీలంగా ఎన్ని నరాలు తేలాయో ఎవరికీ తెలియదు. మిషను మాత్రం ఊరికే కూతలు పెట్టేది. సిస్టర్ వచ్చి సూది అటూ ఇటూ సర్ది, “ఏంటక్కా మీ రక్తం వెనక్కి వెళ్ళనంటోంది” అనేది. ఈవిడ “దానికీ ఇంటికెళ్ళాలని లేదేమోనమ్మా” అనేది. ఇద్దరూ నవ్వుకునేవారు.

సూదులు తీశాక రక్తం ఆగడానికి పది నిమిషాలు పట్టేది కాస్తా అరగంట, నలభై నిమిషాలైంది. దూది అదిమి పట్టుకునేది ఆవిడ భర్త. నాకు వరసకి బావగారు. ప్రెస్సులో బైండింగ్ పని. మాటకారి. అదిమి పట్టినంతసేపూ ప్రెస్సులో కబుర్లు చెబుతాడు. రక్తం ఆగడం ఆలస్యమైతే ఇంకో కబురు ఎత్తుకునేవాడు తప్ప ఎందుకు ఆలస్యమవుతోందని ఆలోచించలేదు.

“నాకు కథలు చెప్పడానికి టైమెక్కువ దొరుకుతోందని సంబరపడ్డాడు మీ బావ. నేనూ వింటూ కూర్చున్నా.”

“మరెలా బయటపడింది?”

అక్క మిషను మీద పడిన దారప్పోగులు ఒక్కొక్కటే ఏరుతూ చెప్పింది.

బైండింగ్ చేసేవాళ్ళకి ఒక అలవాటు. ఏది మడిచినా అంచుకి అంచు కలవాలి. న్యూస్‌పేపరైనా, తువ్వాలైనా. ఇంట్లో బట్టలు మడతపెట్టేది ఎప్పుడూ అక్కే. ఆ ఆదివారం ఆవిడకి ఒంట్లో నీరసంగా ఉండి పడుకుంటే, ఆయన ఆరిన బట్టలు తెచ్చుకుని కూర్చున్నాడు. ఒక చొక్కా తీసి నిలువునా సగానికి మడిచాడు. చేతుల అంచులు కలవలేదు. దులిపి మళ్ళీ మడిచాడు. కలవలేదు.

“‘ఏమే టైలరమ్మా, నీ చెయ్యి పడిపోయిందే! ఈ చొక్కా చూడు, ఒక చేతికి నువ్వు, ఒక చేతికి నేను దూరొచ్చు’ అని అరిచాడు ఆ గదిలోంచి. నేను పలకలేదు. పలికితే గొంతు తెలిసిపోతుందని. రెండోది మడిచాడు. మూడోది. తర్వాత ఇంక జోకుల్లేవు తమ్ముడూ. ఆ గదిలోంచి చప్పుడే లేదు. మీ బావ మాట్లాడకుండా ఉండటం నేను పెళ్ళయ్యాక అదే వినడం.”

ఆరు చొక్కాలూ మడిచి, తెచ్చి ఆవిడ మంచం మీద వరసగా పెట్టాడట. అన్నిటికీ ఎడమ చెయ్యే వెడల్పు. ఆయన కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని, ఒక్క మాట అన్నాడు. “చూపించు.”

అక్క చొక్కా విప్పింది.

“ఏమన్నాడు?”

“భుజం మీద నరాలు చూశాడు. వేలితో ఒకదాని వెంట వెళ్ళాడు, ఇక్కణ్ణుంచి ఇక్కడిదాకా. తర్వాత నేల మీద కూర్చుండిపోయాడు. నేను భయపడింది అప్పుడు. అంతకుముందు దాచిపెట్టడమే. భయం అప్పుడు పట్టుకుంది.”

మర్నాడు పొద్దున్నే డయాలిసిస్ డాక్టరమ్మ చూసింది. తిట్టలేదు. తిట్టినా బాగుండేదంటుంది అక్క. చెయ్యి ఎత్తించి, దించి, మెడ పక్కన చూసి, ఒక చీటీ రాసి పై అంతస్తుకి పంపించింది. అక్కడున్నాయన రక్తనాళాల లోపలికి సూది రంధ్రంలోంచి వెళ్ళి పనిచేసే డాక్టరు. అక్క ఆయనకి అప్పటికప్పుడు పేరు పెట్టేసింది, సూది డాక్టరు. ఆవిడకన్నా ఇరవై ఏళ్ళు చిన్న.

ఆయన కాగితం మీద బొమ్మ గీసి చెప్పాడట. చేతిలో నరాలన్నీ కలిసి, మెడ ఎముక వెనక ఒక పెద్ద నరంగా మారి గుండెకి వెళ్తాయి. ఎప్పుడో మెడలో పెట్టిన గొట్టాలు ఆ పెద్ద నరం గోడని ఒరుసుకుని ఒరుసుకుని, అక్కడ మచ్చ కట్టి, దారి మూసుకుపోయింది. ఫిస్టులా వల్ల చేతిలోకి రక్తం జోరుగా వస్తూనే ఉంది. పోవడానికి దారి లేదు. అదే వాపు. చిన్నచిన్న పక్కదారులు వెతుక్కుంటోంది, ఆ నీలం నరాలు అవే.

“కోత లేదమ్మా అన్నాడు. సూది పట్టేంత రంధ్రం. దాంట్లోంచి సన్నటి తీగ పంపిస్తా. మూసుకున్న చోటు దాటించి, ఆ తీగ మీదుగా ఖాళీ బుడగ తీసుకెళ్తా. అక్కడ దాన్ని గట్టిగా ఉబ్బిస్తే గోడలు వెనక్కి జరుగుతాయి. బుడగ తీసేస్తా. మత్తు ఇవ్వను, ఆ చోటు వరకే తిమ్మిరి ఇంజెక్షన్. మీరు మెలకువగానే ఉంటారు అన్నాడు. ఆ మెలకువ మాట పక్కన పెట్టి అసలు ప్రశ్న అడిగేశా. తీగ దాటకపోతే? అని.”

“ఏమన్నాడు?”

“పెన్ను మూత పెట్టాడు. పెట్టి, అప్పుడు చెప్పాడు. దాటకపోతే ఈ ఫిస్టులా కట్టెయ్యాలమ్మా, లేకపోతే చెయ్యి పాడవుతుంది. తర్వాత తొడలో గొట్టం పెడతాం. అది ఎన్నాళ్ళు నిలుస్తుందో నేను చెప్పలేను అన్నాడు. మంచివాడు. అబద్ధం చెప్పలేదు. ఆ క్షణాన చెబితే బాగుండుననిపించింది.”

మధ్యలో రెండు రోజులు గడువుంది. ఆ రెండు రోజులూ అక్క కొట్టులోనే ఉంది. తాడు మీద ఉన్నవన్నీ కుట్టేసింది. వారం తర్వాత ఇస్తానన్నవి కూడా. ప్రతి చీటీ మీదా పేరు, ఇంటి గుర్తు పెద్ద అక్షరాలతో మళ్ళీ రాసింది. “నేను రాకపోతే ఎవరి బట్టలు వాళ్ళకి చేరాలిగా” అంది. నా చొక్కా ఒకటి అప్పట్లో గడువుకి ముందే ఇచ్చేస్తే, పని తక్కువగా ఉన్నట్టుంది అనుకుని వెళ్ళిపోయాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేసింది.

“ఆ గది చల్లగా ఉంటుంది తమ్ముడూ. బల్ల ఎంత సన్నమంటే, పక్కకి తిరిగితే పడతానేమో అనిపించేంత. నా చెయ్యి ఒక పలక మీద చాపించి, కట్టి, మందు పూశారు. చల్లగా పాకింది. నెత్తి మీద గుండ్రటి పెద్ద మిషను. పక్కన టీవీలాంటిది. నా వైపుకే తిరిగి ఉంది. తల తిప్పకూడదు, కళ్ళు మూసుకుంటే ఇంకా భయం. చూస్తూ ఉన్నా.”

డాక్టరు సీసపు ఏప్రన్ వేసుకుని వచ్చాడు. ఎక్స్‌రే నుంచి కాపాడుకోవడానికి అందరూ వేసుకునేదే, బరువుగా ఉంటుంది. అది ఆయన కొలత కాదు. ఎడమ భుజం జారిపోతోంది. మాటిమాటికీ మోచేత్తో పైకి నెట్టుకుంటున్నాడు.

“నాకు దడ. అయినా నోరు ఆగలేదు. ‘డాక్టరుగారూ, భుజం అరంగుళం లోపలికి పట్టించుకోవాలి మీరు’ అన్నా. మాస్కు లోపల నవ్వాడు. ‘ముందు మీ పని కానివ్వండి, తర్వాత నాది మీరు చూడండి’ అన్నాడు. ఆ గదిలో అదే ఆఖరి నవ్వు.”

సూది గుచ్చారు. నరాలు ఎక్స్‌రేలో నల్లగా కనబడే మందు ఎక్కించి బొమ్మ తీశారు. చెయ్యంతా వేడినీళ్ళు పోసినట్టు వెచ్చబడింది. టీవీలో నల్లటి లావుపాటి గీత చేతి వెంట పైకి వచ్చి, మెడ ఎముక దగ్గర ఠక్కున ఆగిపోయింది. అక్కణ్ణుంచి పాత గోనెసంచి అంచులా పోగులు పోగులుగా సన్నటి గీతలు. “అదేనా” అంది అక్క. “అదే” అన్నాడు డాక్టరు.

తీగ బయల్దేరింది.

“పైజామాకి నాడా ఎక్కిస్తాం చూడు. పిన్నీసుకి గుచ్చి మడతలో దూరుస్తాం. ఎక్కడో లోపల గుడ్డ ముడుచుకుని ఉంటుంది. పిన్నీసు అక్కడ ఆగుతుంది. నెడితే చినుగుతుంది. వెనక్కి లాగి, కొంచెం తిప్పి, మళ్ళీ నెట్టాలి. ఆయన అదే చేస్తున్నాడు. తీగ వెళ్ళి గుద్దుకుంటోంది, వంగిపోతోంది. వెనక్కి లాగుతున్నాడు. వేరే తీగ అడిగాడు. అదీ వంగింది. మూడోది. నాకు చేతిలో నొప్పి లేదు. ఆయన మాట్లాడటం మానేశాడు, అదీ నా నొప్పి.”

“ఎంతసేపు?”

“గోడ మీద గడియారం ఉంది. నలభై నిమిషాలు. నలభై నిమిషాలూ ఆ తీగ చివరే చూశా. నాకు డ్రైవరన్నయ్య మంచం కనబడుతోంది. మార్చిన దుప్పటి కనబడుతోంది. నోరు ఎండిపోయింది. నీళ్ళు అడిగితే ఆపేస్తారేమోనని అడగలేదు. ఆయన చేతులు కిందికి దించి, ఒక అడుగు వెనక్కి వేసి నిలబడ్డాడు. అయిపోయిందనుకున్నా. అప్పుడు నేనే అన్నాను.”

“ఏమని?”

“‘ఇటువైపు నుంచి రాకపోతే అటువైపు నుంచి పంపించండి బాబూ’ అన్నా. నాడా అంతేగా! ఇవతల మడత గట్టిగా పడితే, అవతలి చివర నుంచి ఒక్కోసారి సులువుగా దూరుతుంది. ఆయన నన్ను ఒక్క క్షణం చూసి ‘ఇప్పుడు చెయ్యబోయేది అదేనమ్మా’ అన్నాడు. నేను చెప్పానని చేశాడనుకుంటున్నావేమో, కాదు. ఆయనకి తెలిసిన పనే అది. కానీ నాకు తెలిసిన పని ఆ గదిలో ఒకటి జరుగుతోందని తెలిశాక కొంచెం ఊపిరి ఆడింది.”

తొడ దగ్గర ఇంకో సూది రంధ్రం చేశారు. అక్కణ్ణుంచి రెండో తీగ పైకి, గుండె పక్కగా మూసుకుపోయిన చోటుకి అవతలి వైపున వచ్చింది. టీవీలో రెండు తీగలు ఎదురెదురుగా. మధ్యలో గోరంత చీకటి. రెండూ కదులుతున్నాయి, వెతుక్కుంటున్నాయి. పక్కనున్న సిస్టర్ ఊపిరి బిగబట్టడం అక్కకి వినిపించింది. కింది తీగ ఒకసారి వంగి, తిరిగి, జర్రున జారి అవతలికి వచ్చేసింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. డాక్టరు మెల్లగా “వచ్చింది” అన్నాడంతే.

“నేను ఏడ్చేశా. కదలొద్దమ్మా అన్నారు. కదలకుండా ఏడ్చా.”

తర్వాత బుడగ. టీవీలో అది పొడుగు వంకాయలా ఉబ్బింది, మధ్యలో మాత్రం బెల్టు బిగించినట్టు నడుం పడిపోయి ఉంది. ఆ నడుం తెరుచుకోవట్లేదు. ఇంకా ఒత్తిడి పెంచారు. భుజం లోపల ఎవరో రెండు చేతులతో గుడ్డ పట్టుకుని చింపుతున్నట్టు నొప్పి. ఊపిరి తీసుకోవద్దు, దగ్గొద్దు, ఒక్క నిమిషం అంటున్నారు. అక్క పళ్ళు కరుచుకుని అంకెలు లెక్కపెట్టింది. ముప్పై ఎనిమిది దగ్గర ఆ నడుం టక్కున విచ్చుకుంది. ఇంకా పెద్ద బుడగ పెట్టి మళ్ళీ చేశారు. చివరికి మందు ఎక్కించి చూస్తే ఆ నల్లగీత ఎక్కడా ఆగకుండా గుండె దాకా వెళ్ళింది. పోగులన్నీ మాయమైపోయాయి.

“బయట బెంచీ మీద మీ బావ ఉన్నాడు. నన్ను చూడగానే ‘ఏమే, కుట్లు ఎన్ని పడ్డాయి’ అన్నాడు. ‘ఒక్కటి కూడా లేదు’ అన్నా. ‘అయితే ఏం చేసినట్టు వాళ్ళు’ అన్నాడు. అని, గోడకి తిరిగి నిలబడ్డాడు చాలాసేపు.”

రెండు రోజుల్లో చెయ్యి దిగిపోయింది. చర్మం ఖాళీ సంచిలా ముడతలు పడింది. ఆరు చొక్కాలూ మళ్ళీ విప్పి, అతుకులు తీసేసి, లోపలికి పట్టుకుంది. మిషను కూతలు ఆగిపోయాయి. రక్తం పది నిమిషాలకే ఆగుతుంటే, కథ సగంలో ఉండగానే లేచిపోతున్నావేమే అని బావగారు అలిగాడట.

కానీ ఇంటికి పంపేటప్పుడు సూది డాక్టరు ఇంకో మాట చెప్పాడు. ఇది శాశ్వతం కాదమ్మా. మచ్చ కట్టిన చోటు, మళ్ళీ మూసుకోవాలని చూస్తుంది. కొందరికి మూడు నెలలకి, కొందరికి ఏడాదికి. సన్నబడుతుండగా వస్తే మళ్ళీ బుడగతో తెరుస్తాం. అవసరమైతే లోపల జాలీలాంటి స్టెంటు పెడతాం. పూర్తిగా మూసుకున్నాక వస్తే ఈసారి తీగ దాటుతుందని మాటివ్వలేను. వాపు కనబడిన రోజే రండి.

“అందుకని రోజూ పొద్దున కొలుచుకుంటున్నా. మూడు చోట్ల. ఈసారి చొక్కాని కాదు, చేతిని.”

“మంచి పని కదక్కా” అన్నాను. కథ అయిపోయిందనుకుని ఒళ్ళో ప్యాంటు సర్దుకున్నాను.

పైన ఎవరో మెట్లు దిగారు. ఆ అడుగుల చప్పుడు వీధిలోకి వెళ్ళేదాకా అక్క ఆగింది. తర్వాత ఎడమ చేతిని వెలుతురులోకి చాపి, చొక్కా మణికట్టు తిప్పి చూపించింది. పక్క కుట్టు జానెడు మేర విప్పి ఉంది. దారాలు వేలాడుతున్నాయి.

“నువ్వు తల వంచి లోపలికి వచ్చే ముందు విప్పుతున్నా. మొన్న పావంగుళం ఎక్కువొచ్చింది. టేపు వదులుగా పట్టుకున్నాలే అనుకున్నా. నిన్న అరంగుళం. ఎక్కువ నడిచాలే అనుకున్నా. ఇవాళ ముప్పావు. ఏమనుకోవాలో తోచక కత్తెర తీశా. చూశావా! అన్నీ తెలిసి, అంతా పడి, మళ్ళీ నా చెయ్యి కత్తెర మీదికే వెళ్ళింది.”

ఆ వేలాడే దారాల వైపే చూస్తున్నాను.

“బావగారికి తెలుసా?”

“రెండుసార్లు ఫోన్ చేశా. ఆయన గొంతు వినగానే, మధ్యాహ్నం ఎన్నింటికి వస్తావని అడిగి పెట్టేశా ఒకసారి. రెండోసారి గొడుగు పట్టుకెళ్ళావా అని అడిగా. వానెక్కడిదే అన్నాడు. నా నోరు నా మాట వినట్లేదు తమ్ముడూ. ఆ బల్ల మీదికి మళ్ళీ ఎక్కాలి. తీగ మళ్ళీ ఆగుతుందేమో. ఈసారి రెండో వైపు నుంచీ రాదేమో. అది చూస్తూ పడుకోవాలి. నా వల్ల కాదనిపిస్తోంది. కాదని కూర్చుంటే ఏమవుతుందో కూడా నాకు తెలుసు.”

నా ఒళ్ళోంచి ప్యాంటు తీసుకుని ఇస్త్రీ బల్ల మీద పడేసింది.

“ఇది తర్వాత. నువ్వు ప్రెస్సుకి వెళ్ళు. ముందు గుమ్మంలోంచి వెళ్తే మిషన్ల మోతలో ఆయనకి వినబడదు, వెనక సందులోంచి వెళ్ళు. జిగురు బల్ల దగ్గర ఉంటాడు. చేతులు తుడుచుకోనిచ్చి, స్టూలు మీద కూర్చోబెట్టి చెప్పు. అక్క చెయ్యి మళ్ళీ వాచింది అని చెప్పు. కొంచెం అనకు. ముప్పావు అంగుళం అని చెప్పు, ఆయనకి కొలతలు అర్థమవుతాయి. అక్కే చెప్పమందని కూడా చెప్పు, లేకపోతే నువ్వే కనిపెట్టావనుకుని నన్ను తిడతాడు. పరిగెత్తకు, పరిగెత్తితే నీ మొహం చూసే ఆయన పడిపోతాడు. మామూలుగా నడిచి వెళ్ళు. కానీ దారిలో ఎవరు పలకరించినా ఆగకు తమ్ముడూ. నువ్వు ఆలస్యం చేస్తే నేను మనసు మార్చేసుకుంటాను.”